తొలి వేసవి గడిస్తేనే మొక్క చెట్టయ్యేది

బుక్కపట్నం: జులైలో నాటిన మొక్క సెప్టెంబరు వానలకు చిగురు తొడుగుతుంది. అక్టోబరుకు పచ్చగా కళకళలాడుతుంది. ఇక బతికినట్లేనని రైతు నిశ్చింతగా ఉంటాడు. ఫిబ్రవరి చివరికి ఆకు వాలుతుంది. ఏప్రిల్‌కు పుల్ల మిగులుతుంది. బుక్కపట్నం, కొత్తచెరువు, పుట్టపర్తి పరిసరాల్లోని మెట్ట భూముల్లో ఏటా కనిపించే దృశ్యమిది. గుంత తవ్వడానికి, అంటు మొక్క కొనడానికి, కూలీలకు చేసిన ఖర్చంతా ఆ పుల్లతోపాటే మట్టిలో కలుస్తుంది. నష్టపోయేది డబ్బు ఒక్కటే కాదు, తోట కాపునకు రావలసిన కాలం కూడా ఒక ఏడాది వెనక్కి పోతుంది.

ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో అధిక భాగం జూన్ నుంచి అక్టోబరు లోపే కురుస్తుంది. సెప్టెంబరులో పడినంత వాన మరే నెలలోనూ పడదు. నవంబరు దాటిన తరువాత మళ్లీ మంచి పదును దొరకాలంటే దాదాపు ఆరు నెలలు ఎదురుచూడవలసిందే. పైగా ఇక్కడి ఎర్ర నేలలు లోతు తక్కువ. అడుగు, అడుగున్నర మట్టి కిందే గరుసు తగులుతుంది. అలాంటి నేల నీటిని ఎక్కువ రోజులు పట్టి ఉంచలేదు. నాటిన మొక్క వేరు గరుసు పొరను దాటి లోపలి తేమను అందుకునేందుకు రెండు, మూడేళ్లు పడుతుంది. అప్పటి వరకు దాని బతుకు మనిషి పోసే నీటిమీద, కట్టే కంచెమీద ఆధారపడి ఉంటుంది.

మూడు ట్యాంకర్ల లెక్క

మొక్కలు ఎండిపోవడానికి నీరు లేకపోవడమే కారణమని అందరూ చెబుతారు. అది పూర్తి నిజం కాదు. ఒకసారి లెక్క వేసి చూస్తే విషయం తేటపడుతుంది. పది మీటర్ల ఎడంతో మామిడి నాటితే ఎకరాకు 40 మొక్కలు పడతాయి. ఒక్కో మొక్కకు వారానికి 20 లీటర్ల చొప్పున పోసినా ఎకరాకు 800 లీటర్లు చాలు. ఫిబ్రవరి రెండో వారం నుంచి జూన్ రెండో వారం వరకు పద్దెనిమిది వారాలనుకుంటే మొత్తం 14,400 లీటర్లు. అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు మూడు. ఎకరా మామిడి తోట తొలి వేసవి గట్టెక్కడానికి కావలసిన నీరు ఇంతే. వరి మడిని ఒక్కసారి తడపడానికి దీనికి అనేక రెట్లు అవసరమవుతుంది.

ఆ మూడు ట్యాంకర్ల నీటిని ఎప్పుడు, ఎక్కడ, ఎలా పోశారన్నదే అసలు సంగతి. రోజూ చెంబెడు నీళ్లు మొదట్లో చల్లితే నేల పైపొర మాత్రమే తడుస్తుంది. వేర్లు ఆ తడి కోసం పైకి వస్తాయి. నాలుగు రోజులు నీరు అందకపోతే ముందుగా ఎండేది ఆ పై వేర్లే. అందుకు భిన్నంగా వారానికి ఒకసారి నిదానంగా, పాదు నిండేలా పోసి, ఇంకిన తరువాత మళ్లీ పోస్తే తడి అడుగు లోతుకు దిగుతుంది. దానిని వెతుక్కుంటూ వేరు కూడా కిందికి పోతుంది. నాటిన తొలి వారంలో మాత్రం వాన లేకపోతే రోజు విడిచి రోజు నీరు ఇవ్వాలి. తరువాత వ్యవధిని క్రమంగా పెంచుకుంటూ పోవాలి.

నీరు పోయాలా వద్దా అన్నది క్యాలెండరు చూసి నిర్ణయించడం సరికాదు. మొక్కకు మూరెడు దూరంలో జానెడు లోతున మట్టి తీసి పిడికిట బిగించాలి. ఉండ కడితే ఇంకా తేమ ఉన్నట్లు. పొడిగా రాలిపోతే నీరు పోయవలసిందే. మధ్యాహ్నం ఎండకు ఆకులు వాలి, సాయంత్రానికి తేరుకుంటే కంగారు పడనక్కరలేదు. తెల్లవారుజామున కూడా ఆకులు వాలి ఉంటేనే మొక్క దాహంతో ఉన్నట్లు. నీరు ఎక్కువైనా ఆకు వాలుతుంది, పసుపు రంగుకు తిరుగుతుంది. ఆకు వాలింది కదా అని తడి నేలకే మళ్లీ నీరు పెట్టి వేరు కుళ్లబెట్టే వారూ ఉన్నారు. కాబట్టి మట్టిని తాకి చూడనిదే బిందె ఎత్తకూడదు.

పాదు పెద్దది కావాలి

నాటిన రోజు చేసిన చిన్న పాదునే రెండేళ్ల తరువాతా కొనసాగించడం చాలా తోటల్లో కనిపించే లోపం. కొమ్మలు విస్తరించిన మేరకు వేర్లు కూడా విస్తరిస్తాయి. నీటిని పీల్చుకునే సన్నని వేర్లు కొమ్మల అంచు కింద, ఆపైన ఉంటాయి గాని కాండం దగ్గర కాదు. ఆరు నెలలకు ఒకసారి పాదును వెడల్పు చేస్తూ పోవాలి. కాండం చుట్టూ చిన్న మట్టి దిబ్బ వేసి, దాని బయట పాదు తీస్తే నీరు మొదలును తాకదు. చీనీ మొక్కలకు ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. మొదలు వద్ద నీరు నిలిస్తే బంక తెగులు సోకుతుంది. ఒకసారి బెరడు కుళ్లి బంక కారడం మొదలైన చీనీ చెట్టును తిరిగి కోలుకునేలా చేయడం కష్టం.

వాలు భూముల్లో గుండ్రని పాదు కంటే అర్ధచంద్రాకారపు కట్ట మేలు. వాలుకు దిగువ వైపున కట్ట వేసి, ఎగువ వైపు తెరిచి ఉంచితే పైనుంచి జారే వాన నీరు మొక్క వద్దకు చేరుతుంది. ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. ఆ లెక్కన మొక్కకు ఎగువన పది చదరపు మీటర్ల నేలను శుభ్రం చేసి ఉంచితే, 25 మిల్లీమీటర్ల వానకు అక్కడ 250 లీటర్లు పడుతుంది. అందులో మూడో వంతు జారి వచ్చినా 80 లీటర్లకు పైమాటే. వేసవిలో నాలుగు వారాలు మోసుకొచ్చి పోసే నీటికి అది సమానం. ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో ఇంతకంటే తక్కువ వానతో చెట్లు పెంచుతున్నది ఈ సూత్రంతోనే. మన రైతుకు ఇందులో కొత్తేమీ లేదు. వాలు నీటికి అడ్డుకట్ట వేసి చెరువులు నిర్మించిన నేల ఇది. చిత్రావతి నీటిని ఆపి నిలిపిన బుక్కపట్నం చెరువు విజయనగర కాలం నాటిది. మొక్క ముందు వేసే మూరెడు కట్ట కూడా అదే పని చేస్తుంది.

ఎర్రచెక్క నేలల్లో ఒక గట్టి వానకే పైపొర పెచ్చు కడుతుంది. తరువాత పడిన వాన ఇంకకుండా జారిపోతుంది. అందుకే ప్రతి మంచి వాన తరువాత నేల ఆరుతుండగా పాదును రెండంగుళాల లోతుకు మించకుండా గుల్ల చేయాలి. లోతుగా తవ్వితే వేర్లు తెగుతాయి.

వేరుశనగ పొట్టు, రాళ్లు

పోసిన నీటిలో సగం ఎండకు ఆవిరైపోతే ఎన్ని ట్యాంకర్లు తోలినా ప్రయోజనం ఉండదు. పాదును కప్పి ఉంచడమే దీనికి విరుగుడు. వేరుశనగ పండే ఈ ప్రాంతంలో మిల్లుల వద్ద పొట్టు దొరుకుతుంది. దానిని మూడు, నాలుగు అంగుళాల మందాన పరచాలి. కానుగ ఆకు, వేపాకు, గట్ల మీద పెంచిన గ్లిరిసిడియా రెమ్మలు కూడా పనికివస్తాయి. కాండానికి జానెడు దూరం వదలకుండా పొట్టును మొదటికి ఆనించి పోస్తే చెదలకు విందు పెట్టినట్లే. పొట్టు కింద వేపపిండి చల్లడం, పదిహేను రోజులకు ఒకసారి పొట్టును పక్కకు తీసి కాండాన్ని చూడటం అవసరం. మట్టి గూళ్లు కనిపిస్తే అప్పుడే దులిపివేయాలి. మందు వాడవలసి వస్తే రైతు సేవా కేంద్రంలోని ఉద్యాన సహాయకుని అడిగి వాడటం మంచిది. చెదల కోసం రైతులు ఏళ్ల తరబడి వాడిన కొన్ని మందులను నిమ్మజాతి తోటల్లో వాడకుండా కేంద్రం ఇప్పటికే ఆంక్షలు విధించింది.

చెదలు మరీ ఎక్కువగా ఉన్న చోట బల్లపరుపు రాళ్లను పాదులో పరచడం ఉత్తమం. రాళ్లకు కొదవ లేని సీమలో వాటిని గట్టుకు విసిరివేసి, మల్చింగ్ షీటు కోసం అంగడికి వెళ్లడం వింతగానే ఉంటుంది. రాయి కింద తేమ నిలుస్తుంది, కలుపు రాదు, చెదలకు తిండి దొరకదు.

కుండ పద్ధతి గురించి ఇక్కడ చెప్పుకోవాలి. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దం నాటి చైనా వ్యవసాయ గ్రంథంలోనే దీని ప్రస్తావన ఉంది. ఏడెనిమిది లీటర్లు పట్టే మట్టి కుండను మొక్కకు అడుగు దూరంలో మెడ వరకు పాతి, నీరు నింపి, మీద పలక మూయాలి. కుండ గోడల గుండా నీరు మెల్లగా చెమర్చి వేర్లకు అందుతుంది. చుట్టూ మట్టి తడిగా ఉంటే చెమర్చడం తగ్గుతుంది, ఎండితే పెరుగుతుంది. ఉప్పు పాలు ఎక్కువగా ఉన్న బోరు నీరు వాడితే కొంత కాలానికి కుండ రంధ్రాలు పూడుకుపోతాయి. అప్పుడు కుండను మార్చవలసి ఉంటుంది. రంగు వేసిన కుండలు, నునుపు పూత పూసినవి పనికిరావు.

బోరు ఉన్నవారికి బిందు సేద్యమే సులువు. 2003లో రాష్ట్ర సూక్ష్మసేద్య పథకం మొదలైనది మొదలు జిల్లాలో డ్రిప్పు పైపులు పల్లెపల్లెకూ చేరాయి. అయితే మొక్క పెరుగుతున్న కొద్దీ డ్రిప్పరును కాండం నుంచి దూరంగా జరపాలన్న సంగతి చాలామంది మరిచిపోతున్నారు. రెండో ఏడాది నుంచి మొక్కకు ఇరువైపులా రెండు డ్రిప్పర్లు ఉండాలి. ఒక వైపే నీరు అందిన చెట్టుకు ఆ వైపే వేర్లు బలుస్తాయి.

చీనీ విషయంలో ఒక హెచ్చరిక అవసరం. మామిడి, సీతాఫలం, నేరేడు, చింత వంటివి తొలి రెండు, మూడు వేసవులు గడిస్తే చాలా వరకు తమ కాళ్లమీద తాము నిలబడతాయి. చీనీ అలా కాదు. దానికి జీవితాంతం తడి కావాలి. 2002-03, 2018-19 కరవుల్లో బోర్లు ఎండి, కాపు కాసే చీనీ తోటలను ట్యాంకర్లతో కాపాడుకోవడానికి ఉమ్మడి జిల్లా రైతులు పడిన అవస్థలు తెలియనివి కావు. నీటి భరోసా లేని చోట చీనీ నాటడమే పొరపాటు. ఆ తరువాత ఎంత సంరక్షించినా ఆ పొరపాటు దిద్దుబాటు కాదు.

గాలి, ఎండ, మేక

జూన్ నుంచి ఆగస్టు వరకు నైరుతి గాలి ఇక్కడ ఎంత ఉద్ధృతంగా వీస్తుందో రామగిరి కొండల మీది గాలిమరలను చూస్తే అర్థమవుతుంది. ఆ గాలికి లేత మొక్క ఊగి, మొదలు వద్ద మట్టి వదులై, కొత్త వేర్లు తెగిపోతాయి. గాలి వచ్చే వైపు ఊతకర్ర పాతి, గోనె పీలికతో ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టాలి. నైలాను తాడు, తీగ వాడితే కాండంలోకి కోసుకుపోతాయి. ఏడాదిన్నర దాటాక కర్ర తీసివేయాలి. ఎల్లకాలం ఊతం ఉంటే కాండం బలపడదు. అంటు కట్టిన చోట చుట్టిన ప్లాస్టిక్ పట్టీ విప్పారో లేదో కూడా అప్పుడే చూడాలి. పట్టీ బిగిసి, రెండో ఏట గాలికి అంటు దగ్గర విరిగిపోయే మామిడి మొక్కలు తక్కువేమీ కాదు.

మార్చి నుంచి పడమటి ఎండ మొక్కను మాడుస్తుంది. నైరుతి వైపున ఈతాకులతో గాని, కానుగ కొమ్మలతో గాని నీడ కట్టి, తూర్పు వైపు తెరిచి ఉంచాలి. నాలుగు వైపులా గోనె చుట్టి గాలి ఆడకుండా చేయడం వల్ల మేలు కంటే కీడే ఎక్కువ. బెరడు పగలకుండా కాండానికి సున్నం పూయవచ్చు.

ఇక గొర్రెలు, మేకలు. జిల్లాలో వాటి మీద బతికే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. మేత కరవైన నెలల్లో పచ్చగా కనిపించేది పాదులోని మొక్క ఒక్కటే. మేక వెనుక కాళ్లమీద నిలబడి అయిదారు అడుగుల ఎత్తుదాకా అందుకుంటుంది. మొక్క తల ఆ ఎత్తు దాటే వరకు కంచె ఉండవలసిందే. రేగు కంప, సర్కారు తుమ్మ కంప ఖర్చు లేనివి, ఇనుప ట్రీగార్డు కంటే మేకను బాగా ఆపుతాయి. అయితే కంప ఏడాదికి పుచ్చిపోతుంది. రెండో వేసవికి ముందే మార్చాలి. గట్టు పొడవునా కిత్తనార, వాక్కాయ, గోరింట నాటుకుంటే నాలుగేళ్లకు జీవకంచె తయారవుతుంది. రోడ్డు పక్కన కానుగను ఎక్కువగా నాటడానికి ఒక కారణం పశువులు దానిని పెద్దగా ముట్టకపోవడమే.

కంచెకు మించిన కాపలా ఊరి ఒప్పందం. చెన్నేకొత్తపల్లి వద్ద 1990లో 32 ఎకరాల బీడు భూమిలో మొదలైన టింబక్టు కలెక్టివ్ ఇందుకు దగ్గరి ఉదాహరణ. ఆ తరువాత ఆ సంస్థ, చుట్టుపక్కల గ్రామాలవారు కలిసి కల్పవల్లి పేరిట వేలాది ఎకరాల కొండ భూములను పచ్చగా మార్చారు. అక్కడ నాటిన మొక్కల కంటే, నేలలో మిగిలి ఉన్న మోడుల నుంచి వాటంతట అవే చిగిర్చిన చెట్లకే ప్రాధాన్యమిచ్చారు. గ్రామ కమిటీలు కాపలా పెట్టుకుని, వేసవికి ముందు అగ్గి వ్యాపించకుండా గడ్డి చెక్కి బాటలు తీశాయి. మేతకు, ఈతాకుకు, గడ్డికి ఎప్పుడు ఎవరు వెళ్లవచ్చో కట్టుబాట్లు పెట్టుకున్నాయి. పొలంలో మొక్కలు పెట్టే రైతు కూడా గొర్రెల కాపరితో తగవు పెట్టుకునే కంటే, సాళ్ల మధ్య గడ్డిని కోసుకుపొమ్మని చెబితే ఇద్దరికీ లాభమే.

కత్తెర ఎక్కడ, ఎరువు ఎప్పుడు

అంటుకు దిగువన, అంటే వేరుమూలం నుంచి వచ్చే చిగుళ్లను నెలకోసారి చూసి గోటితో గిల్లివేయాలి. అవి బలంగా పెరిగి అసలు రకాన్ని అణచివేస్తాయి. బేనిషా నాటిన చోట అయిదేళ్లకు నాటు మామిడి కాయడానికి, చీనీ చెట్టు స్థానంలో ముళ్ల నిమ్మ నిలవడానికి ఈ నిర్లక్ష్యమే కారణం. మొదలు నుంచి రెండున్నర, మూడు అడుగుల వరకు ఒకే కాండం ఉంచి, ఆపైన వేర్వేరు దిక్కులకు పోయే మూడు, నాలుగు కొమ్మలను వదలాలి. తొలి మూడేళ్లు పూత వస్తే తుంచివేయాలి. రెండో ఏడాదే కాసిన నాలుగు కాయలు చూసి మురిసిపోవడం సహజమే గాని, ఆ కాయల కోసం మొక్క తన వేరు పెరుగుదలను ఖర్చు చేస్తుంది.

పశువుల ఎరువును తొలకరిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి, అదీ నేల తడిగా ఉన్నప్పుడు పాదు అంచున వేసి మట్టి కప్పాలి. పొడి నేలలో యూరియా వేసి లేత వేర్లను మాడ్చవద్దు. వేసవిలో ఏ ఎరువూ అవసరం లేదు.

తొలి ఏళ్లలో సాళ్ల మధ్య వేరుశనగ, ఉలవ వేసుకోవచ్చు. మొక్క చుట్టూ మూడడుగుల నేలను వదిలేయాలి. పడమటి వైపు రెండు సాళ్ల కంది వేస్తే గాలికి అడ్డుగా ఉంటుంది. గుంటక, ట్రాక్టరు తగిలి కాండం బెరడు లేస్తే ఆ గాయం ద్వారా తెగులు ప్రవేశిస్తుంది. చీనీ చిగుళ్ల మీద పక్షి రెట్టలా కనిపించేది తరచుగా సీతాకోకచిలుక జాతి గొంగళిపురుగే. పది, ఇరవై మొక్కలకు మందు కొట్టే బదులు చేత్తో ఏరివేస్తే సరిపోతుంది.

ఊరుమ్మడి మొక్కల మాట

1950లో వన మహోత్సవం మొదలైంది. 2016లో రాష్ట్రంలో వనం-మనం వచ్చింది. పేరు ఏదైనా వార్తల్లో కనిపించేది నాటిన మొక్కల సంఖ్య. మరుసటి జూన్‌కు ఎన్ని మిగిలాయన్న లెక్క అరుదుగా కనిపిస్తుంది. ఈ విషయంలో తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టంలో నాటిన వాటిలో 85 శాతం మొక్కలు బతకాలన్న నిబంధన చేర్చి, ఆ బాధ్యతను సర్పంచి, కార్యదర్శులపై ఉంచింది. అమలు ఎలా ఉన్నా బతికినవాటిని లెక్కించాలన్న ఆలోచన సరైనది. ఉపాధి హామీ కింద పండ్ల తోటలు పెట్టించినప్పుడు మూడేళ్ల పాటు నీటికి, సంరక్షణకు కూడా డబ్బు కేటాయించడం వెనుక ఉన్న తర్కమూ ఇదే.

వెయ్యి మొక్కలు నాటాలనుకునే పంచాయతీ గాని, పాఠశాల గాని ముందుగా వేయవలసిన లెక్క ఒకటుంది. వెయ్యి మొక్కలకు వారానికి 20 లీటర్ల చొప్పున నాలుగు ట్యాంకర్లు కావాలి. పద్దెనిమిది వారాలకు 72 ట్యాంకర్లు. వాటికి నిధులు, తోలే మనిషి, నీటి వనరు లేకపోతే రెండు వందలే నాటి, అన్నింటినీ బతికించుకోవడం గౌరవం. చెరువు కట్ట మీద పెద్ద చెట్లు నాటే ఉత్సాహాన్ని కూడా అదుపులో పెట్టుకోవాలి. చెట్టు చనిపోయి వేర్లు కుళ్లితే మట్టికట్టలో నీరు దారి చేసుకుంటుంది. చెట్లకు చోటు కట్ట దిగువన, దారుల వెంట చాలా ఉంది. ట్రీగార్డు బిగించినవారు దానిని తీయవలసిన రోజు కూడా వస్తుందని గుర్తుంచుకోవాలి. కాండం ఇనుప చువ్వలను మింగేసిన చెట్లు పట్టణాల్లో ఎన్నో కనిపిస్తాయి.

కదిరికి సమీపంలోని తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. దాదాపు అయిదెకరాల మేర విస్తరించిన ఆ మహావృక్షానికి కూడా సంరక్షణ తప్పలేదు. వేలాడే లేత ఊడలు నేలను చేరే వరకు ఎండిపోకుండా వెదురు బొంగుల్లో మట్టి, ఎరువు నింపి వాటి గుండా కిందికి దించుతారు. ఒక రకంగా అక్కడ ఇప్పటికీ మొక్కలు పెంచుతూనే ఉన్నారు.

రెండో వేసవికి నీటి వ్యవధిని పది రోజులకు, మూడో వేసవికి పదిహేను, ఇరవై రోజులకు పెంచవచ్చు. పోసే పరిమాణాన్ని మాత్రం పాదు వెడల్పును బట్టి ఎక్కువ చేయాలి. ఎండిన మొక్క స్థానంలో కొత్తది పెట్టే పని మరుసటి తొలకరిలోనే పూర్తి చేయాలి. ఆలస్యమైతే పక్క చెట్ల నీడలో అది ఎదగదు. పాత మొక్కను పీకినప్పుడు వేర్లను ఒకసారి పరిశీలించాలి. నారుసంచి ప్లాస్టిక్ ఇంకా చుట్టుకునే ఉంటే నాటిన రోజే తప్పు జరిగిందని అర్థం. బెరడు లేచిపోయి మట్టి అంటుకుని ఉంటే చెదలు, నల్లబడి వాసన వస్తే నీరు నిలవడం. వేరు తెల్లగా, శుభ్రంగా ఉండి పొడిగా విరిగితే అది దాహంతో పోయినట్లు. కారణం తెలిశాకే అదే గుంతలో కొత్త మొక్క పెట్టాలా, రెండడుగులు పక్కకు జరపాలా అన్నది తేల్చుకోవచ్చు.